బావినీటికి పద్దు

మన సంఘమునుండి తెచ్చుకొన్న అప్పునకు పద్దు కలదు. ఎరువు బస్తాలకు పద్దు కలదు. అమ్మిన ధాన్యమునకు తూకపు చీటీ కలదు. పొలముల హద్దులు, పంటల వివరములు తరతరములుగా గ్రామములనుండి సుబేదారి కచ్చేరీలకు చేరుచు వచ్చినవి. కాని ఈ లెక్కలన్నిటికి మూలమైన బావినీటికి మాత్రము ఏ యూరను పద్దు లేదు. భూమిలో ఎంత నీరున్నదో యెఱుగకయే యాసంగి నాటు వేయుచున్నాము. పైరు పొట్టకు వచ్చు వేళకు బావి యడుగంటును. అప్పుడు బోరు వేయుటకై అప్పు చేయుదుము. బోరున నీరు పడినను పడకున్నను అప్పు నిలిచియే యుండును. కావున ఈ నెల సభ్యులకు బావినీటి లెక్కనుగూర్చి కొన్ని మాటలు మనవి చేయుచున్నాము.

మన ప్రాంతపు నేల చాలవఱకు నల్లరాతిమీద నున్నది. నీరు పైనున్న మొరములోను, రాతి పగుళ్లలోను మాత్రమే నిలుచును. ఎంత లోతునకు పోయిన అంత నీరు దొరకునను మాట ఇచ్చట చెల్లదు. కురిసిన వానలో సుమారు పదవవంతు మాత్రమే భూమిలోనికి దిగును. కాకతీయులు పాకాల, రామప్ప, లక్నవరము వంటి చెరువులు కట్టించి వాననీటిని నిలిపిరి. చెరువులోని నీరు కంటికి కనబడును గనుక దానిని పంచుకొనుట మన పెద్దలకు తెలిసినది. భూగర్భజలము కంటికి కనబడదు. దానిని చూపగలది కొలత యొక్కటే.

ఈ పనిని మనవంటి రైతులే చేసి చూపిరి. 2003 లో నాటి ఆంధ్రప్రదేశ్‌నందు అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలలో రైతుల ఆధ్వర్యమున భూగర్భజల యాజమాన్య పథకము మొదలయ్యెను. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దీనికి సహాయము చేసినది. వరంగల్లు అందు చేరలేదు. 638 పల్లెలలోని స్త్రీపురుషులు 63 వాగుల పరీవాహక ప్రదేశములలో పని చేసిరి. ప్రతిదినము వానను, పదునైదు దినములకొకసారి బావుల నీటిమట్టమును తామే కొలిచి పుస్తకములలో వ్రాసి, అందఱు చూచుటకై ఊరి గోడలమీద, బోర్డులమీద ప్రకటించిరి. యాసంగికి ముందు ఒకచోట కూడి, ఉన్న నీరెంత, వేయదలచిన పైరులకు కావలసిన నీరెంతయని లెక్క చూచిరి. ఏ పైరు వేయవలెనని ఎవరును ఎవరినీ శాసింపలేదు. లెక్క చూచిన పిదప ఎవరి నిర్ణయము వారిదే. పెక్కు వాగుల పరిధిలో యాసంగి నీటితోడకము తగ్గినదని ప్రపంచబ్యాంకు 2010 లో ప్రకటించిన నివేదిక తెలిపినది.

అయితే బయటి ద్రవ్యసహాయము ముగిసిన పిదప అనేక గ్రామములలో కొలతలు నిలిచిపోయినవని తరువాత పరిశీలించినవారు వ్రాసిరి. ఇది మనము శ్రద్ధతో గమనింపవలసిన సంగతి. టేపు పట్టుట రైతునకు కష్టము కాదు. ఏండ్ల తరబడి కొలతలను సేకరించి, సరిచూచి, ఫలితమును కొలిచినవానికే తిరిగి చెప్పు స్థిరమైన కేంద్రము లేకుండుటయే కష్టము. తన లెక్క ఎవరికిని పనికిరాదని తోచిన నాడు ఎంతటి ఉత్సాహవంతుడైనను పుస్తకము మూయును.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున ఫోర్ట్ కాలిన్స్ పట్టణమునకు 1997 జులైలో ఆకస్మికముగా వరద వచ్చెను. ఆ యొక్క పట్టణములోనే ఒకచోట కుండపోత, మఱొకచోట కొద్దిపాటి జల్లు. మరుసటి యేటినుండి అచ్చటివారు ఇండ్ల ముంగిట వానమాపులు పెట్టి కొలువసాగిరి. నేడు దేశమంతట వేలకొలది స్వచ్ఛంద సేవకులు ఆ పని చేయుచున్నారు. వారి లెక్కను వాతావరణ శాఖవారు ఉపయోగించుచున్నారు. ఎవరి లెక్క వారికి మరల కనబడుచుండుటచేతనే ఆ పని ఇన్నియేండ్లు సాగినదని మా యభిప్రాయము.

కొలుచు విధము సులభమైనది. ఊరికి నలుదిక్కుల నాలుగైదు బావులను ఎంచుకొని, ఒక్కొక్క బావి ఒరమీద రంగుతో గుర్తు పెట్టవలెను. ఎప్పుడును ఆ గుర్తునుండియే నీటివఱకు కొలువవలెను. మోటారు నడచుచుండగా కొలిచిన లెక్క చెల్లదు; రాత్రి ఆపి ఉదయము కొలువవలెను. పున్నమికొకసారి, అమావాస్యకొకసారి కొలిచినచో తేది మఱచుట యుండదు. బోరుబావికి నీరు తగిలినంతనే మ్రోగు మీటరు కావలెను. సంఘము ఒకటి కొని ఊరూరికి త్రిప్పవచ్చును. వానమాపిని చెట్లకు, గోడలకు దూరముగా నిలిపి ప్రతి ఉదయము 8-30 గంటలకు చూడవలెను. వాన లేనినాడు సున్న వ్రాయవలెను. గడి ఖాళీగా విడిచినచో వాన లేదో, చూచువాడు రాలేదో తెలియదు.

ఇక లెక్క చూడుడు. ఎకరముమీద ఒక మిల్లీమీటరు వాన యనగా సుమారు 4,000 లీటర్లు. యాసంగి వరికి నేలనుబట్టి మారినను సుమారు 1,200 మిల్లీమీటర్లు, అనగా ఎకరమునకు 48 లక్షల లీటర్లు కావలెను. 200 లీటర్ల పీపా 50 సెకండ్లలో నిండు మోటారు గంటకు 14,400 లీటర్లు పోయును. దినమునకు 7 గంటలు నడపినను ఒక్క ఎకరము వరికి 48 దినములు పట్టును. 500 మిల్లీమీటర్లు చాలు మొక్కజొన్నకు 20 దినములు చాలును. ఏటికి వేయి మిల్లీమీటర్లు కురిసి, అందు పదవవంతు దిగినచో, ఒక ఎకరము వరికి పండ్రెండెకరముల నేలలో దిగిన నీరు కావలెను. మళ్లలోనుండి కొంత నీరు మరల భూమిలోనికి దిగునుగాని, అది అంతయు తిరిగి రాదు.

ప్రభుత్వ భూగర్భజల శాఖవారు నెలనెలా కొలుచుచుండగా మనమేల యని కొందఱు అడుగవచ్చును. వారి బావులు మండలమునకు కొన్నియే. అవి మండలపు స్థితిని తెలుపునుగాని మన వాగువెంట నున్న బావి సంగతి తెలుపవు. కొలత వ్రాసినచో పన్ను పడునను భయమును కొందఱికి కలదు. ఈ పుస్తకము ఊరిదే. కచ్చేరీకి పంపవలసిన పని లేదు.

సంఘము చేయవలసినది ఇది. ఊరికిద్దఱు సేవకులను, వారిలో ఒకరిని స్త్రీగా, ఏర్పఱచుకొని, ఒకరు రాలేనినాడు రెండవవారు కొలుచునట్లు చూడవలెను. టేపు, వానమాపి, పుస్తకము సంఘపు ఖర్చుమీద ఈయవలెను. మూడు నెలలకొకసారి పొరుగూరివారు వచ్చి ఒక్క కొలత సరిచూడవలెను. సుబేదారి కళాశాల విద్యార్థులు వచ్చినచో మఱింత మేలు. నెలనెలా లెక్కను గోదాము గోడమీద వ్రాయవలెను. యాసంగి అప్పులు మంజూరగుటకు ముందు సర్వసభ్య సమావేశమున ఆ లెక్క చదువవలెను. బోరునకు అప్పడుగు సభ్యుడు ముందుగా ఆ గోడవైపు చూచినచో, అతని కుటుంబమునకును సంఘమునకును కలుగు మేలు చిన్నది కాదు.

రాబోవు అమావాస్యనాడు మీ ఊరిలో ఒక్క బావినైనను కొలిచి, ఆ యంకెను గోడమీద వ్రాయుడు. పున్నమినాడు దానిక్రింద రెండవ యంకె వ్రాయుడు.