తాత కత్తితో గడ్డమా? కాస్త ఆగండి!

పండక్కి ముందు ఇల్లు దులుపుతుంటే అటక మీది ట్రంకు పెట్టెలోంచి ఓ మడత కత్తి బయటపడిందనుకుందాం. ‘తాతదే కదా నాయనా, ఇకనుంచీ నేనూ దీంతోనే గీసుకుంటా’ అంటాడు ఫోన్‌లో షేవింగ్ వీడియోలు చూసి ముచ్చటపడ్డ కొడుకు. ‘సరేలేరా, ముందు నన్నొకసారి గీసుకోనీ’ అంటాడు షుగరు మాత్రలు వేసుకునే నాయన. సరదాగానే ఉంటుంది. కానీ అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఒక కత్తి, రెండు గడ్డాలు!

మడత కత్తితో గడ్డం గీసుకోవడం చెడ్డ అలవాటేమీ కాదు. ఒక్క పదునైన అంచుతో, చేతిని తేలిగ్గా నడిపి గీస్తే కొందరికి చర్మం మంట తగ్గుతుంది. వెంట్రుకలు చర్మంలోకి తిరిగి పెరిగి వచ్చే పొక్కులూ తగ్గొచ్చు. ప్లాస్టిక్ రేజర్ల చెత్తా ఉండదు. అయితే ఏది కొనాలి, దాన్ని ఎలా చూసుకోవాలి అన్నది తెలియకుండా దిగితే తెగేది చర్మం, పోయేది డబ్బు.

ఒక కత్తి... ఒకే మనిషి

గడ్డం గీసేటప్పుడు కంటికి కనిపించని గాట్లు పడుతూనే ఉంటాయి. వాటిలోంచి వచ్చే రక్తం అంచుకు అంటుకుంటుంది. హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. హెపటైటిస్-సి, హెచ్‌ఐవీ కూడా రక్తం ద్వారా సోకేవే. వీటిలో హెపటైటిస్-బికి మాత్రమే టీకా ఉంది. పిల్లలకు వేయించి ఉంటాం గానీ, పెద్దల్లో చాలామంది వేయించుకుని ఉండరు. డాక్టరును అడిగి మూడు డోసులూ పూర్తిచేసుకోవడం మంచిది.

నీళ్లలో కడిగినా, స్పిరిట్‌తో తుడిచినా కత్తి పూర్తిగా క్రిమిరహితం అయిపోదు. అందుకే అసలైన మడత కత్తి ఇంట్లో ఒక్కరిదే కావాలి. తండ్రీకొడుకులైనా, అన్నదమ్ములైనా పంచుకోకూడదు. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చేవారికి ఎవరి బ్లేడు వారికి ఇవ్వడం మనకు తెలిసిందే. అదే సూత్రం ఇంటికీ వర్తిస్తుంది. సెలూన్‌లో కూర్చున్నా ‘అన్నా, కొత్త బ్లేడు వెయ్యి’ అని అడగడానికి మొహమాటపడొద్దు. కాగితం విప్పి మీ కళ్ల ముందే బ్లేడు విరిస్తే సరి.

ముందు ఏది కొనాలి?

మడత కత్తులు రెండు రకాలు. ఒకటి, సగానికి విరిచిన బ్లేడును బిగించేది. సెలూన్లలో ఇప్పుడు వాడేది ఇదే. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. సానపట్టే పని లేదు. రెండోది, ఉక్కును నూరి పదును పెట్టుకునే అసలు కత్తి. జర్మనీలోని సోలింగెన్, ఇంగ్లండులోని షెఫీల్డ్ పట్టణాలు వీటికి పేరుమోసినవి. మంచిది కావాలంటే వేలల్లో పెట్టాలి.

కొత్తవారు బ్లేడు మార్చే కత్తితో మొదలుపెట్టడమే తెలివైన పని. కొన్ని నెలలు చేయి అలవాటయ్యాక కూడా ఇష్టం నిలిచి ఉంటే అసలు కత్తి గురించి ఆలోచించొచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి. కొత్త బ్లేడు చాలా కరకుగా ఉంటుంది. చేతి బరువు ఏమాత్రం ఎక్కువైనా తెగుతుంది.

అసలు కత్తి కొనేటప్పుడు చూడాల్సినవి ఇవీ...

* కత్తి వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల్లో చెబుతారు. కొత్తవారికి 5/8 అంగుళం, అంటే సుమారు 16 మిల్లీమీటర్లు సరిపోతుంది.
* కొన గుండ్రంగా ఉండాలి. సూటి కొన చెవి దగ్గర, ముక్కు కింద గుచ్చుకుంటుంది.
* కార్బన్ ఉక్కు తేలిగ్గా పదునెక్కుతుంది, కానీ తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ ఉక్కు తుప్పును తట్టుకుంటుంది, నూరడం కాస్త కష్టం.
* ‘షేవింగ్‌కు సిద్ధంగా పదును పెట్టి ఉందా?’ అని అడగండి. మెరుపులు, చెక్కుళ్లు చూసి ఆన్‌లైన్‌లో చవగ్గా కొంటే అది అల్మరాలో పెట్టుకునే బొమ్మే కావచ్చు.

కుప్పం వారికి రైల్లో, మదనపల్లె, పుంగనూరు వారికి బస్సులో బెంగళూరు దగ్గరే. వీలైతే చేత్తో పట్టుకుని, అంచు తిన్నగా ఉందో లేదో చూసి కొనండి. విమానంలో వస్తుంటే మాత్రం కత్తిని చేతి సంచిలో పెట్టుకోకూడదు.

తాత కత్తి పనికొస్తుందా?

వెలుతురులో అంచును చూడండి. పైపైన మరకలుంటే ఫర్వాలేదు. తుప్పు అంచును తిని గుంటలు పడినా, సన్నని పగులు కనిపించినా, పిడి దగ్గర కీలు వదులైనా దాన్ని జ్ఞాపకంగా దాచుకోండి, ముఖానికి పెట్టొద్దు. బాగుందనిపిస్తే తెలిసిన చేతితోనే నూరించాలి. వీధిలో చక్రం తిప్పుతూ కూరగాయల కత్తులకు సానపట్టేవారికి మాత్రం ఇవ్వొద్దు. ఆ రాపిడి వేడికి పలుచని అంచు ఉక్కు గట్టిదనం కోల్పోతుంది. అంచు ఆకారమూ చెడిపోతుంది.

సబ్బు నురగ... బోరు నీళ్లు

మన వైపు బోరు నీళ్లు చాలాచోట్ల గట్టి నీళ్లే. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టు కడతాయి. నురగ రాదు. నురగ పలుచనైతే కత్తి జారదు, పీకుతుంది. ఒక చెంబు వాన నీళ్లో, ఫిల్టరు నీళ్లో వాడితే తేడా వెంటనే తెలుస్తుంది. ముఖాన్ని గోరువెచ్చని నీళ్లతో రెండు మూడు నిమిషాలు తడపాలి. వెంట్రుక మెత్తబడితే సగం పని అయినట్టే. ఆ తర్వాతే బ్రష్‌తో చిక్కని నురగ పట్టించాలి. పనయ్యాక బ్రష్‌ను బాగా కడిగి, విదిలించి, గాలి తగిలేచోట ఆరబెట్టాలి. బ్రష్ కూడా ఎవరిది వారిదే.

చేతికి అలవాటు

సెలూన్ పని నేర్చుకునేవారు ఊదిన బెలూన్‌కు నురగ రాసి, అది పగలకుండా గీకి సాధన చేయడం ఉంది. మీరూ అలాగే మొదలుపెట్టొచ్చు. మొదటి వారం చెంపలు మాత్రమే గీసి, మిగతాది మామూలు రేజర్‌తో పూర్తిచేయండి. గడ్డం కింద, పై పెదవి దగ్గర తర్వాత చూసుకోవచ్చు. ఒక చేత్తో చర్మాన్ని బిగుతుగా లాగి, కత్తిని ముఖానికి సుమారు 30 డిగ్రీల వాలులో పట్టి, వెంట్రుక మొలిచిన దిశలోనే నడపాలి. నొక్కొద్దు. కత్తిని పక్కకు అసలు జరపొద్దు. గాట్లు పడేది అప్పుడే. ఆఫీసుకో, స్కూలు బస్సుకో పరుగెత్తే ఉదయం కాకుండా ఆదివారం తీరిగ్గా చేయండి.

పదును ఎలా నిలుస్తుంది?

అసలు కత్తికి రెండు రకాల సేవ కావాలి. రోజూ గీసుకునే ముందు తోలు పట్టీ మీద 40-60 సార్లు అటూ ఇటూ నడపాలి. ఇక్కడ వెన్ను ముందుండాలి, అంచు వెనకాల రావాలి. చివరికి వచ్చాక కత్తిని వెన్ను మీదే తిప్పాలి. అంచు మీద తిప్పితే తోలూ తెగుతుంది, పదునూ పోతుంది.

వాడకాన్ని బట్టి కొన్ని నెలలకోసారి రాయి మీద నూరాలి. వెంట్రుకను కోయకుండా లాగుతుంటే ఆ సమయం వచ్చినట్టే. రాయి మీద అంచు ముందు నడవాలి. వెన్ను, అంచు రెండూ రాయిని తాకుతూ ఉండాలి. అంచు కొత్తగా తీయడానికి 1000 నంబరు రాయి, నునుపు చేయడానికి 4000, 8000 నంబర్లు వాడతారు. వంటింటి సానరాయి దీనికి చాలా గరుకు.

గీసుకున్నాక అంచును కడిగి, మెత్తని బట్టతో వెన్ను వైపు నుంచి అంచు వైపు తుడవాలి. కీలులోకి నీరు వెళ్లనివ్వొద్దు. కొన్ని రోజులు వాడకపోతే కుట్టుమిషన్ నూనె పలుచగా రాసి, మళ్లీ వాడే ముందు స్పిరిట్‌తో తుడిచేయండి. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. మదనపల్లె చలికాలం ఉదయాల్లో సీసాలో చూస్తూనే ఉంటాం కదా! బాత్రూంలో తేమకు తుప్పు పడుతుంది కాబట్టి కత్తిని గదిలో, పిల్లలకు అందని తాళం ఉన్న అరలో పెట్టండి.

తెగితే?

శుభ్రమైన బట్టతో 5-10 నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి. మధ్యలో తీసి చూడొద్దు. చిన్న గాట్లకు పటిక రాస్తే రక్తం ఆగుతుంది. కానీ ఒకే పటిక గడ్డను ఇంటిల్లిపాదీ వాడకూడదు. గాయం లోతుగా ఉన్నా, రక్తం ఆగకపోయినా ఆసుపత్రికి వెళ్లండి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో కూడా డాక్టరుకు చెప్పండి. ఎక్కడైనా వేరొకరికి వాడిన బ్లేడు తెగితే సబ్బు నీళ్లతో కడిగి, అదే రోజు డాక్టరును కలవాలి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు అవసరమైతే 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. ఎంత త్వరగా అయితే అంత మేలు.

వీరు జోలికి వెళ్లొద్దు

షుగరు అదుపులో లేనివారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు, చేతులు వణికేవారు, చూపు మసకగా ఉన్నవారు మడత కత్తికి దూరంగా ఉండాలి. గడ్డంలో పులిపిర్లు, చీము పొక్కులు, తామర ఉంటే అవి తగ్గేదాకా కత్తి పెట్టొద్దు. కత్తితో పాటు అవీ ముఖమంతా పాకుతాయి.

వాడేసిన సగం బ్లేడును కాగితంలో చుట్టి చెత్తలో వేస్తే, దాన్ని వేరుచేసే పారిశుద్ధ్య కార్మికురాలి వేలు తెగుతుంది. మూతకు సన్నని చీలిక చేసిన రేకు డబ్బాలో వేస్తూ, నిండాక టేపు అంటించి, చెత్తబండి వారికి చెప్పి విడిగా ఇవ్వండి.

ఇక ట్రంకు పెట్టెలో దొరికిన కత్తి సంగతి. కొడుకు ముచ్చటపడితే బాగుచేయించి అతనికే ఇవ్వండి. నాయనకు మాత్రం మామూలు సేఫ్టీ రేజరు చాలు. తాత వాడినంతకాలం అది ఒక్కరి కత్తే. ఇప్పుడూ అలాగే ఉండనివ్వండి.