చలికాలమున చెఱువు చేపల రోగనిరోధము

తొర్రూరు ప్రాంతపు చెఱువులలో చేపలు పెంచు సహకార సంఘముల సభ్యులకు పుష్యమాసము పరీక్షాకాలము. వానలలో విడిచిన పిల్లలు అప్పటికి కొంత బరువెక్కి యుండును. సరిగా ఆ దినములలోనే కొఱ్ఱమట్టల మేన ఎఱ్ఱని మచ్చలు పొడసూపి, పుండ్లుగా మాఱి, కండ ఊడిపోవుటను కొందఱు సోదరులు చూచియే యుందురు.

చేప శీతలరక్త జీవి. ఎంత చలి వేసినను మన దేహపు వేడి తగ్గదు. చేప రక్తమో, నీటితోపాటు చల్లబడును. నీరు 26 డిగ్రీలకు పైనున్నపుడు దాని తెల్లకణములు చుఱుకుగా కదలి, చర్మములో చొచ్చిన బూజు పోగులను చుట్టుముట్టి అణచివేయును. నీరు 20 డిగ్రీల దరికి దిగినచో ఆ కణములు మందగించును. బూజు మాత్రము పెరుగుచునే యుండును. ఈ పుండ్లరోగమునకు మూలమైన అఫానోమైసిస్ ఇన్వడాన్స్ అట్టి బూజే. 1971లో జపానున మొదట కనబడిన యీ రోగము 1988లో ఈశాన్య భారతమునకు వచ్చినది. అపుడు జనులు భయపడి చేపలు కొనుట మానగా, మంచి చేపలు గలవారును నష్టపోయిరి.

అన్ని జాతులును ఒక్కరీతిగా లొంగవు. కొఱ్ఱమట్టయు, పరిగెయు ముందు పడును, బంగారుతీగ తట్టుకొనును. తెలంగాణ రాష్ట్రపు చేపయే యింత సుకుమారమగుట విచిత్రము!

చలి యొక్కటియే దోషి కాదు. వేసవిలో నీరిగిరి చేపలు క్రిక్కిఱియును, చేపపేలు పెరుగును. తొలకరికి చేల మందులతో దిగు క్రొత్తనీరు మేని జిగురును చెఱచును. ఆ జిగురే మొదటి కోట.

భువనేశ్వరము నందలి కేంద్ర మంచినీటి జలకృషి సంస్థవారు సిఫాక్స్ అను మందును కనుగొనిరి. మీటరు లోతు నీటికి హెక్టారునకు 1 లీటరు చాలును. కుంటలకది తగును గాని, నూఱెకరముల ఆయకట్టు చెఱువున మందు పోయుట డబ్బును నీటిపాలు చేయుటయే యని నా అభిప్రాయము. అచట ముందుచూపే గతి. దీపావళి నాటికి నీటిని పరీక్ష చేయించి తగు సున్నము వేయవలెను. ఎదిగిన కొఱ్ఱమట్టలను చలికి ముందే పట్టి అమ్మవలెను. పొరుగు చెఱువున వాడిన వలలను ఎండలో బాగుగా ఆరనిచ్చి గాని దింపరాదు. చలి ముదిరిన పిదప ఊరక వలలు లాగుట మానవలెను. పొలుసు ఊడిన చోటనే బూజు ప్రవేశించును.

పుండ్లు పడిన చేపను సంతకు పంపక, గట్టున విడువక, గుంత త్రవ్వి సున్నము చల్లి పూడ్చి, ఆ దినమే మత్స్యశాఖవారికి తెలుపవలెను.