నెట్‌వర్క్ టూల్ తయారీ: బెజవాడ కుర్రకారులో ఉన్న అపోహలు – వాస్తవాలు

కానూరు నుంచి వడ్డేశ్వరం దాకా ఏ ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్లినా పోస్ట్‌మన్, వైర్‌షార్క్, కర్ల్ వంటి నెట్‌వర్క్ టూల్స్ పేర్లు వినని కంప్యూటర్ సైన్స్ విద్యార్థి అరుదు. అలాంటి టూల్ ఒకటి మీరే తయారు చేసి నలుగురి ముందుకు తీసుకురండి అంటే మాత్రం చాలామంది వెనకడుగు వేస్తారు. వాళ్లు చెప్పే కారణాల్లో ఎక్కువ భాగం నిలబడేవి కావు.

అపోహ: ఇవి పెద్ద కంపెనీలు, పెద్ద బృందాలు చేసే పనులు.

వాస్తవం: చరిత్ర చూస్తే చాలావరకు దీనికి ఎదురే. అవతలి కంప్యూటర్ స్పందిస్తుందో లేదో చూసే ‘పింగ్’ 1983 డిసెంబరులో పుట్టింది. అమెరికా సైన్యపు పరిశోధనశాలలో పనిచేసే మైక్ మూస్ తన నెట్‌వర్క్‌లో తేడా ఎక్కడుందో పట్టుకోవడానికి దాన్ని ఒక్క రాత్రిలో రాసుకున్నాడు. స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్‌కు కరెన్సీ మారకం రేట్లు చెప్పే చాట్ బాట్ ఒకటి కావలసి వచ్చింది. అందుకోసం ఒక చిన్న ప్రోగ్రామ్‌ను పట్టుకుని మెరుగుపరుస్తూ పోతే అదే 1998లో ‘కర్ల్’ అయింది. అంత దూరం ఎందుకు? పోస్ట్‌మన్ 2012లో బెంగళూరులో అభినవ్ అస్థానా సొంత అవసరానికి చేసుకున్న క్రోమ్ ఎక్స్‌టెన్షన్‌గా మొదలైంది. కంపెనీ పెట్టింది ఆ తర్వాత, 2014లో. అదే కోవలోని హాప్‌స్కాచ్‌ను 2019లో మొదలుపెట్టిన లియాస్ థామస్‌ది కేరళ. వీళ్లందరికీ ముందు ఒక చికాకు ఉంది, దాన్ని వదిలించుకోవాలన్న పట్టుదల ఉంది. బృందాలు, పెట్టుబడులు వస్తే తర్వాత వచ్చాయి.

అపోహ: నెట్ స్పీడ్ పెంచుకుంటే టూల్ కూడా వేగంగా పనిచేస్తుంది.

వాస్తవం: కాలువ వెడల్పు పెంచినంత మాత్రాన ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు నాగాయలంకకు ముందుగా చేరవు. ఎంబీపీఎస్ అంటే ఆ వెడల్పే. ప్రయాణానికి పట్టే సమయం వేరు, దాన్ని లేటెన్సీ అంటారు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. విజయవాడ నుంచి అమెరికా పడమటి తీరం 13 వేల కిలోమీటర్ల పైమాటే. అంటే తీగ తిన్నగా వేసినా పోయి రావడానికి 130 మిల్లీసెకన్లకు తగ్గదు. అసలు కేబుళ్లు వంకర్లు తిరిగి వెళ్తాయి కాబట్టి ఇంకా ఎక్కువే పడుతుంది. కొత్త కనెక్షన్‌కు దాన్ని కుదిర్చే టీసీపీ కోసం ఒక రాకపోక, గుప్తీకరించే టీఎల్‌ఎస్ 1.3 కోసం ఒకటి, అసలు ప్రశ్నకు ఇంకొకటి. మొదటి అక్షరం తెర మీద పడేసరికి దాదాపు 400 మిల్లీసెకన్లయినా గడిచిపోతాయి. వంద ఎంబీపీఎస్‌ను వెయ్యి చేసినా ఈ లెక్క మారదు. మారాలంటే సర్వర్ దగ్గరికి రావాలి, తెరిచిన కనెక్షన్‌నే మళ్లీ మళ్లీ వాడాలి. అమెజాన్ క్లౌడ్ కేంద్రాలు 2016లో ముంబయిలో, 2022 నవంబరులో హైదరాబాద్‌లో మొదలయ్యాయి. మన వాడుకరుల కోసం చేసిన టూల్‌ను ఇంకా అమెరికా సర్వర్ మీదే పెట్టడం చేజేతులా చేసుకునే నష్టం.

అపోహ: నెట్ నిలకడగా ఉండే నగరాల్లోనే ఇలాంటి టూల్స్ చేయగలం.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ తీగలు ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా ఊళ్లకు చేరాయి. తక్కువ ఖర్చులో పల్లెలకు నెట్ తెచ్చిన మంచి ఉపాయం అది. అయితే స్తంభం ఒరిగితే కరెంటుతోపాటు నెట్ కూడా పోతుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ మునిగింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. ఇళ్లలో కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ లేదు. అలాంటి రోజుల్లో అరకొర సిగ్నల్ మీద సాఫ్ట్‌వేర్ ఎలా తడబడుతుందో చూసినవాళ్లు ఈ డెల్టాలో వేలల్లో ఉన్నారు. ఆ అనుభవం టూల్ తయారీకి పెట్టుబడి లాంటిది.

ఆ అనుభవం నేర్పే పాఠాలు ఇవి. జవాబు రాకపోతే ఎంతసేపు ఆగాలో టూల్‌కు తెలియాలి. మళ్లీ ప్రయత్నించేటప్పుడు వ్యవధి పెంచుకుంటూ పోవాలి. ఆ వ్యవధిలో కొంత యాదృచ్ఛికత కలపాలి. లేకపోతే కరెంటు రాగానే వేల పరికరాలు ఒకే క్షణంలో సర్వర్ మీద పడి దాన్ని మళ్లీ పడగొడతాయి. సగంలో ఆగిన డౌన్‌లోడ్ ఆగిన చోటి నుంచే కొనసాగాలి. ఇవన్నీ పరీక్షించడానికి తుపాను రానక్కర్లేదు. లైనక్స్‌లోని ‘నెట్‌ఎమ్’తో కావలసినంత ఆలస్యం, కావలసినన్ని ప్యాకెట్ల నష్టం మీరే సృష్టించుకోవచ్చు.

అపోహ: పింగ్‌కు జవాబు రాలేదంటే సర్వర్ పడిపోయినట్టే.

వాస్తవం: కాదు. చాలా ఫైర్‌వాల్స్ పింగ్ వాడే ఐసీఎంపీ ప్రోటోకాల్‌ను అడ్డుకుంటాయి, వెబ్‌సైట్ మాత్రం చక్కగా నడుస్తూ ఉంటుంది. సర్వర్ల పనితీరును గమనించే టూల్ రాసేవాళ్లు అసలు సేవనే అడిగి చూడాలి.

అపోహ: కోడ్ నేనే రాశాను కాబట్టి అంతా నాదే.

వాస్తవం: గెరాల్డ్ కోంబ్స్ 1998లో విడుదల చేసిన టూల్ పేరు ‘ఎథీరియల్’. 2006లో ఆయన ఉద్యోగం మారినప్పుడు ఆ పేరు మీద హక్కు పాత సంస్థ దగ్గరే ఉండిపోయింది. కోడ్ స్వేచ్ఛా లైసెన్సులో ఉంది కాబట్టి దాన్ని తీసుకుని ‘వైర్‌షార్క్’ అనే కొత్త పేరుతో మొదలుపెట్టాడు. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే ఉద్యోగంలో భాగంగా రాసిన దాని హక్కు యజమానిదే. గన్నవరంలోనో హైదరాబాద్‌లోనో పగలు ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు సొంత టూల్ రాసుకునేవాళ్లు ముందు తమ నియామక పత్రం చదువుకోవాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ జోలికి పోకూడదు.

అపోహ: చిన్న టూల్‌కు చట్టాలతో పనేముంది?

వాస్తవం: వాడుకరి కంప్యూటర్‌లోనే నడిచే ప్రోగ్రామ్ సంగతి వేరు. మీరే సర్వర్ పెట్టి సేవ అందిస్తే, కంప్యూటర్ భద్రతను చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు చూసుకోక తప్పదు. భద్రతా ఉల్లంఘనను గమనించిన 6 గంటల్లో ఆ సంస్థకు తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు ఉంచాలి. వీపీఎన్ సేవ అయితే వాడుకరుల వివరాలు 5 ఏళ్లు భద్రపరచాలి.

అపోహ: తెలుగుకూ నెట్‌వర్క్ టూల్స్‌కూ సంబంధం లేదు.

వాస్తవం: ‘.భారత్’ అని తెలుగు లిపిలో డొమైన్ 2011లోనే వచ్చింది. లోపల అది ప్యూనీకోడ్ అనే రోమన్ అక్షరాల రూపంలోకి మారి ప్రయాణిస్తుంది. ఆ మార్పిడిని పట్టించుకోకుండా, చిరునామా అంటే ఇంగ్లిష్ అక్షరాలే అనుకుని రాసిన టూల్ తెలుగు పేరు చూడగానే తప్పు చిరునామా అంటుంది. మీ టూల్‌ను విడుదల చేసే ముందు తెలుగులో ఒక డొమైన్ పేరు ఇచ్చి పరీక్షించండి. అది తడబడితే ముందు ఆ తప్పు సరిదిద్దండి.