ప్రశ్నల మూట

పత్తిని కాటాలో తూచవచ్చు, గుడ్డను గజాలలో కొలవవచ్చు. మరి అప్పు తెచ్చే దిగులును దేనితో కొలుస్తాం? నేరుగా కొలవలేం గనుకనే ప్రశ్నావళి తయారుచేస్తాం. గూడూరు, ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్ళకు వెళ్ళి, "అప్పు గుర్తొచ్చి నిద్ర పట్టడం లేదా?", "అప్పిచ్చినవాడు ఎదురైతే ముఖం చాటేస్తారా?" వంటి 12 ప్రశ్నలు అడుగుతామనుకుందాం. ఒక్కో జవాబుకు 1 నుంచి 5 దాకా మార్కులు.

కనిపించే జవాబుల వెనుక కనిపించని కారణం ఉంటుందన్న ఆలోచనకు 1904లో స్పియర్‌మన్ గణితరూపం ఇచ్చాడు. మన ఆదోనిలాగే ఒకప్పుడు బళ్ళారి జిల్లాలో ఉన్న హడగలిలో 1920లో పుట్టిన తెలుగువాడు సి.ఆర్.రావు 1955లో ఈ కారక విశ్లేషణపై ముఖ్యమైన వ్యాసం రాశారు. 1970లలో యోరెస్కోగ్ వంటివారు దీన్ని విస్తరించి, కనిపించని కారణాల మధ్య సంబంధాలను కూడా లెక్కగట్టే దారి చూపారు. అదే స్ట్రక్చరల్ ఈక్వేషన్ మోడలింగ్. "అప్పు దిగులు పెరిగిన ఇంట్లో పిల్లవాడు బడి మానేస్తాడా?" అన్న ప్రశ్నను దీనితో పరీక్షించవచ్చు.

చిక్కల్లా లెక్కల బరువుతోనే. 12 ప్రశ్నలకు విస్తృతులు, సహవిస్తృతులు కలిపి 78 అవుతాయి. వంద ఇళ్ళ సమాచారంతో అన్నింటినీ నమ్మకంగా అంచనా వేయడం కష్టం. అందుకని మూడేసి ప్రశ్నల సగటు తీసి నాలుగు మూటలు కడతారు. అప్పుడు 78 కాస్తా 10 అవుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. ప్రశ్నల మధ్య సహసంబంధం 0.40 అయితే, మూడింటి సగటుకు విశ్వసనీయత 0.67కు పెరుగుతుంది. ఒక్కో ప్రశ్నలోని పొరపాట్లు సగటులో కొంత చెల్లిపోతాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ తడిపత్తినీ పొడిపత్తినీ ఒకే మూటలో కూరితే ఏమవుతుంది? నిద్రలేమి గురించి రెండు ప్రశ్నలు, నలుగురిలో నామోషీ గురించి రెండు ప్రశ్నలు కలిపి కట్టామనుకోండి. ఒక నేతగాడి మార్కులు 5, 5, 1, 1. పక్కింటాయనవి 3, 3, 3, 3. ఇద్దరి సగటూ 3! రాత్రంతా కన్ను మూయని మనిషి లెక్కలో మాయమైపోయాడు. పైగా ప్రశ్నల మధ్య తేడాలు సగటులో కలిసిపోవడం వల్ల నమూనా చక్కగా అతికినట్టే కనిపిస్తుంది. అసలు మోసం ఇక్కడే ఉంది.

వెనుక ఒకే కారణం లేని మూటలూ ఉంటాయి. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలై సుమారు 3,000 మంది పిల్లలను అనుసరించిన 'యంగ్ లైవ్స్' అధ్యయనంలో ఇంటి నాణ్యత, సామగ్రి, సదుపాయాలు అనే మూడు సూచికల సగటే సంపద సూచిక. సంపద ఉండబట్టి కుళాయి రాలేదు. కుళాయి వంటివన్నీ కలిస్తేనే ఆ సూచిక. ఇటువంటి చోట మూడింటినీ విడివిడిగా కూడా చూడటం మంచిది.

కాబట్టి ప్రాజెక్టు రాసే మిత్రులు ముందు ప్రశ్నలను విడివిడిగా పరీక్షించాలి. ఒకే విషయాన్ని కొలిచేవాటినే కలిపి కట్టాలి. వేరేవిధంగా కట్టినా ఫలితం నిలుస్తుందేమో చూడాలి; ఎలా కట్టారో నివేదికలో చెప్పాలి. ప్రశ్నావళినే పరీక్షిస్తున్నప్పుడు మాత్రం మూట జోలికే పోకూడదు. మన నివేదికను బట్టి సాయం ఎవరికి అందాలో రేపు ఎవరైనా నిర్ణయించవచ్చు. అప్పుడు 5 మార్కుల దిగులును 3గా చూపడం లెక్కల తప్పుతో పోయేది కాదు, ఒక ఇంటికి జరిగే అన్యాయం.