వేట మానితే చేపలు!

చేపలు ఎక్కువ పడాలంటే ఏం చేయాలి? ఇంకో పడవ కొనాలి, ఇంకా పెద్ద వల వేయాలి... అంటారెవరైనా. ఫిలిప్పీన్స్‌లోని ఆపో దీవి మత్స్యకారులు మాత్రం ఉన్న చోటులోనే కొంత వదిలేసుకున్నారు!

చదరపు కిలోమీటరు కూడా లేని బుల్లి దీవి అది. 1970ల్లో ఆ చుట్టుపక్కల సముద్రంలో డైనమైట్లు పేల్చేవారు, సైనైడ్ చల్లేవారు, పగడపు దిబ్బల్ని బరువైన రాళ్లతో బాదుతూ చేపల్ని వలలోకి తోలేవారు. దిబ్బలు పోయాయి. వాటితోపాటే చేపలూ. సిలిమన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త ఏంజెల్ అల్కాలా 1979లో అక్కడికి వెళ్లి, 'తీరం వెంట 450 మీటర్ల మేర వేట ఆపేయండి' అన్నారు. పూట గడవని వాళ్లకి చెప్పే మాటేనా అది! ఒప్పించడానికి మూడేళ్లు పట్టింది. 1982లో మొదట ముందుకొచ్చింది 14 కుటుంబాలే. రోజుకొకరు చొప్పున కాపలా కాశారు.

మన తీరంలోనూ ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేటకు విరామం ఉంటుంది. 61 రోజులు కాగానే వలలు మళ్లీ దిగుతాయి. ఆపోలో అలా కాదు, ఆ చోట ఏడాది పొడవునా వేట ఉండదు. దాంతో చేపలు ముసలివయ్యేదాకా బతుకుతాయి. అసలు కిటుకు అక్కడే ఉంది. 61 సెంటీమీటర్ల రెడ్ స్నాపర్ ఒక్కటి, 42 సెంటీమీటర్లవి 212 కలిసి పెట్టినన్ని గుడ్లు పెడుతుందని లెక్క! ఆ పిల్లలు కంచె లేని నీళ్లలో బయటికీ కొట్టుకొస్తాయి. పెద్ద చేపలూ హద్దు దాటుతుంటాయి. ఆపోలో నిషేధిత ప్రాంతాన్ని ఆనుకుని గాలం వేసేవాళ్లకి ఒక రకం సర్జన్ ఫిష్ ఎక్కువ పడుతోందని పరిశోధకులు గమనించారు.

ఇదంతా కాకతాళీయమేమో అనుకునేవాళ్లకి పక్కనే ఉన్న సుమిలోన్ దీవి జవాబు చెప్పింది. అక్కడ 1974 నుంచే పావు వంతు దిబ్బపై వేట నిషేధం. 1984లో ఆ కట్టు తెగింది. పడవలన్నీ లోపలికి దూసుకెళ్లాయి. వేటాడే చోటు పెరిగింది కదా, చేపలూ పెరగాలి. కానీ ఏడాదిన్నర తిరిగేసరికి మొత్తం దిగుబడి సగానికి పైగా పడిపోయింది!

ఆపోకి చేపలతోపాటు వాటిని చూసేందుకు డైవర్లూ వచ్చారు. వాళ్లు కట్టే రుసుము దీవికి అదనపు ఆదాయమైంది. 1994లో ప్రభుత్వం దీన్ని జాతీయ రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. గౌరవమే. కానీ అప్పటిదాకా తమ చేతుల్లో ఉన్న పెత్తనం అధికారులున్న మండలికి వెళ్లడం కాపలా కాసినవాళ్లకి రుచించలేదు. వాళ్ల బాధలో న్యాయం ఉంది.

తుపానులకి ఈ గొడవలేమీ పట్టవు. 2011 డిసెంబరులో వాషీ, మరుసటి డిసెంబరులో బోఫా... రెండూ దీవివాసులు ముప్పై ఏళ్లు కాపాడుకున్న వైపే విరుచుకుపడి, పగడాల్ని ముక్కలు చేశాయి. దీవికి అటువైపు, గాలాలతో వేట సాగే దిబ్బలు మాత్రం చాలావరకు నిలిచాయి.