గడప నుంచి లెక్కపెట్టిన దారి

జనం కె.సి. కెనాల్ అని పిలుచుకునే కర్నూలు-కడప కాలువ, తుంగభద్రపై సుంకేసుల దగ్గర మొదలై 306 కిలోమీటర్లు సాగి కడప దాకా వస్తుంది. 1863-1870 మధ్య దీన్ని తవ్వించినప్పుడు సాగునీటితో పాటు పడవల రాకపోకలు కూడా ఉద్దేశంలో ఉండేవి. ఇలాంటి కాలువ మీద ఒక తూమును గుర్తించడానికి ఇంజనీర్లు, కాలువ మొదలు నుంచి అది ఎన్నో కిలోమీటరు దగ్గర ఉన్నదో చెబుతారు. ఆయకట్టు రైతు మాత్రం ‘మా తూముకు పైన రెండోది’ అంటాడు. రైతు చెప్పింది తప్పు కాదు, పైగా అతని అవసరానికి అదే సులువు; కాని అదే మాటను పది ఊళ్ల కింద ఇంకో రైతు అంటే అది వేరే తూమవుతుంది. వెబ్‌సైట్‌లో పుటలు వేర్వేరు ఫోల్డర్లలోకి చేరగానే, అప్పటిదాకా చక్కగా నడిచిన మెనూ దారితప్పడానికి కారణం కూడా ఇదే.

మెనూ అంటే ప్రతి పుట పైభాగంలో కనిపించే లంకెల వరుస. పుటల సంఖ్య పెరిగినకొద్దీ వాటిని విషయాన్నిబట్టి ఫోల్డర్లుగా విడదీయక తప్పదు కాబట్టి, కడప జిల్లా గురించిన ఒక వెబ్‌సైట్‌లో ‘పర్యాటకం’ అనే ఫోల్డరు, దాని లోపల ‘కోటలు’ అనే మరో ఫోల్డరు, అందులో ‘గండికోట’ అనే పుట ఉన్నాయనీ, ‘సంప్రదింపు’ అనే పుట మాత్రం ఏ ఫోల్డరులోనూ లేకుండా బయటే ఉన్నదనీ అనుకుందాం. మెనూలో లంకె చిరునామాగా ‘సంప్రదింపు’ అన్న ఒక్క మాటే రాసి ఉంటే, బ్రౌజరు తాను తెరిచి ఉంచిన పుట చిరునామాను తీసుకొని, చివరి ఏటవాలు గీత తరువాత ఉన్న భాగాన్ని తుడిచేసి, ఆ స్థానంలో ఈ మాటను చేరుస్తుంది. మొదటి పుటలో అది సరిగ్గా సరిపోతుంది. గండికోట పుటలో నుంచి నొక్కితే మాత్రం ‘/పర్యాటకం/కోటలు/సంప్రదింపు’ అనే, ఎక్కడా లేని చిరునామా తయారై, సర్వరు 404 అనే సంఖ్యతో ‘అటువంటి పుట లేదు’ అని జవాబిస్తుంది. సిగ్నలు సరిగా అందని పల్లెలో, అడంగల్ కోసమో పింఛను కోసమో ఫోను పట్టుకొని వెతికే మనిషికి ఈ జవాబు ‘లంకె తప్పు’ అని కాక ‘ఈ పని ఇక్కడ కాదు’ అని అర్థమవుతుంది. కనుక దీన్ని చిన్న లోపంగా కొట్టిపారేయడం సరికాదు.

ఉన్న చోటును బట్టి అర్థం మారే ఇలాంటి చిరునామాను సాపేక్ష చిరునామా అంటారు. దీన్ని బ్రౌజర్లు ఎలా విప్పుకోవాలో 1995 జూన్‌లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1808 అనే ప్రమాణ పత్రం నిర్దేశించింది. రెండు చుక్కలు కలిపి రాస్తే ‘ఒక ఫోల్డరు పైకి’ అని గ్రహించే సంప్రదాయం అంతకు ముందే యూనిక్స్ కంప్యూటర్లలో ఉన్నది. దాని ప్రకారం గండికోట పుటలో ‘../../సంప్రదింపు’ అని రాస్తే లంకె పనిచేస్తుంది. అయితే ఒక్కో లోతుకు ఒక్కో రకం మెనూ రాసుకోవలసి రావడంతో, పుటను ఒక ఫోల్డరు నుంచి ఇంకో ఫోల్డరుకు మార్చిన ప్రతిసారీ చుక్కలు మళ్లీ లెక్కపెట్టాలి. చిరునామా చివర గీత ఉండటం, లేకపోవడం కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది: ‘/కోటలు/గండికోట’ అంటే కోటలు అనే ఫోల్డరులోని పుట, ‘/కోటలు/గండికోట/’ అంటే గండికోట అనే ఫోల్డరు. కంటికి ఆనని ఆ ఒక్క గీత వల్ల లెక్కలో ఒక మెట్టు తేడా వస్తుంది.

మెనూ అన్ని పుటల్లోనూ కనిపించేది కాబట్టి దాని చిరునామాలు అన్ని పుటలకూ ఉమ్మడిగా ఉన్న ఒకే చోటు నుంచి మొదలుకావాలి. తిరుమల యాత్రకు తొలి గడప కావడం వల్లనే కడప ఊరికి ఆ పేరు వచ్చిందని సీమ ప్రజల నమ్మకం. వెబ్‌సైట్‌కు అలాంటి గడప, చిరునామా మొదట్లో రాసే ఏటవాలు గీత. ‘/సంప్రదింపు’ అని రాసినప్పుడు బ్రౌజరు తానున్న ఫోల్డరును పక్కనబెట్టి, వెబ్‌సైట్ గడప నుంచే నడక మొదలుపెడుతుంది కనుక, పుట ఎంత లోతున ఉన్నా లంకె చెదరదు. మెనూకు ఇంతకంటే మేలైన పద్ధతి లేదనే చెప్పాలి, గడప ఎక్కడున్నదో మరవకుండా ఉన్నంతవరకు. విద్యార్థి తన కంప్యూటరులో పుటను సర్వరు లేకుండా నేరుగా తెరిస్తే ఆ గీత వెబ్‌సైట్ గడపను కాక డిస్కు మొదలును సూచిస్తుంది. వెబ్‌సైట్ మొత్తాన్ని వేరొకరి సర్వరులో ఒక ఉపఫోల్డరు కింద ఉంచితే గడప ఆ ఫోల్డరుకు బయట ఉండిపోతుంది. కర్నూలు, కడప జిల్లాల ప్రభుత్వ వెబ్‌సైట్లలో తెలుగు పుటలు, తెలుగుకు అంతర్జాతీయ సంకేతమైన టి, ఇ అనే రెండు ఆంగ్లాక్షరాల కింద ఉంటాయి. ఇటువంటి ఏర్పాటులో తెలుగు మెనూ లంకెలు గీత తరువాత ఆ రెండక్షరాలనూ కలుపుకోకపోతే, తెలుగు చదువరి ఒక్క నొక్కుతో ఇంగ్లీషు పుటలో తేలతాడు.

చిరునామా సరిగా రాయడం సగం పనే. మెనూను పుటపుటకూ అతికించడం మాని, ఒకే ఫైలులో రాసి, పుటను పంపే ముందు సర్వరే దాన్ని చేర్చేలా చేస్తే, ఒక లంకెను మార్చడానికి వంద పుటలు తెరవనక్కరలేదు. మెనూ ఫైలు ఎక్కడున్నదో సర్వరుకు చెప్పే దారి సర్వరు డిస్కులోనిది, మెనూ లోపలి లంకెల దారి చదువరి బ్రౌజరు నడిచేది. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం దగ్గర కొత్తగా నేర్చుకునేవారు రోజుల తరబడి చిక్కుకుంటారు.

చిరునామాలో తెలుగు అక్షరాలు వాడటానికి అడ్డేమీ లేదు, కాని తెర వెనుక ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లుగా, ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడేసి గుర్తులుగా మారుతుంది. అందువల్ల ‘కడప’ అన్న మూడక్షరాల మాట 27 గుర్తులవుతుంది. ఒత్తూ దీర్ఘమూ కొమ్మూ విడివిడి సంకేతాలు కావడంతో ‘కర్నూలు’ 63 గుర్తులకు పెరుగుతుంది. వాట్సాప్‌లో అతికించిన తెలుగు లంకె ఒక్కోసారి అర్థంకాని పొడవాటి తోకలా కనిపించేది ఇందుకే.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు శ్రీశైలం, అహోబిలం, మహానంది, బెలుం గుహలు కర్నూలు జిల్లా నుంచి అందులోకి వెళ్లాయి. ఇలాంటి మార్పు వచ్చినప్పుడు ఆ చోట్ల పుటలకు ఫోల్డరే కాక వెబ్‌సైటే మారుతుంది కనుక, గడప నుంచి లెక్కపెట్టిన చిరునామా కూడా చాలదు, గడపే వేరు. కొత్త వెబ్‌సైట్ మెనూను ఎంత జాగ్రత్తగా రాసినా, పాత చిరునామా అప్పటికే పాఠ్యపుస్తకాల్లోనూ పర్యాటకుల ఫోన్లలోనూ ఉండిపోతుంది. ఆ దారిన వచ్చినవారికి పాత సర్వరు 404 అని కాక 301 అని, అంటే ‘శాశ్వతంగా ఫలానా చోటికి మారింది’ అని చెప్పి కొత్త చిరునామాను అందిస్తే, బ్రౌజరు చదువరిని అడగకుండానే అతన్ని బెలుం గుహల పుట ముందు నిలబెడుతుంది.