పీనసరోగము – రైతు జీవితముపై దాని ప్రభావము



పెనములో బెల్లపుపాకము మాడుచున్నదని కంటికంటె ముందు ముక్కు చెప్పును. పురుగుమందు డబ్బా కారుచున్నను, దాణా బూజు పట్టినను, గడ్డికుప్పకు నిప్పంటుకొన్నను మొదట హెచ్చరించునది ముక్కే. అట్టి ముక్కు నెలల తరబడి పనిచేయకున్నను, “పడిశమే గదా!” యని యూరకుండుట మన పల్లెలలో వాడుక.

ముఖమునందలి యెముకలలో ముక్కుతో సంబంధము గల నాలుగు జతల గాలిగదులు కలవు. వీనియందూరు చీమిడి సన్నని ద్వారములగుండ ముక్కులోనికి వచ్చును. లోపలి పొర వాచి ద్వారములు మూసికొనిపోయినచో, కాలువ పూడిన మడిలో నీరు మురిగినట్లు చీమిడి నిలిచిపోవును. ముక్కుదిబ్బడ, చీమిడి కారుట, ముఖమున బరువు, వాసన తెలియకుండుట అను లక్షణములు 12 వారములు దాటి యుండిన దానిని దీర్ఘకాలపు పీనసమందురు. వైద్యులు సైనసైటిస్ అని వ్యవహరింతురు.

ఈ వ్యాధి ప్రాణము దీయుట అరుదు. బ్రతుకును మాత్రము కొంచెము కొంచెముగా కొరికివేయును. రాత్రి నిద్ర పట్టదు. పగలు అలసట తీరదు. అన్నము రుచింపదు. చిరాకు, దిగులు పెరుగును. పొలమునకు వెళ్లినను సగము పనియే సాగును. వైద్యులు ఈ బాధను కొలుచుటకు వాడు స్నాట్-22 అను పట్టికలో 22 అంశములున్నవి. ఒక్కొక్కదానికి 0 మొదలు 5 వరకు లెక్క; మొత్తము 110. అందు ముక్కుతో పాటు నిద్ర, అలసట, పని తగ్గుట, విచారము కూడ చేర్చిరి. కావున వైద్యుని యొద్ద వీనిని దాచక చెప్పవలెను.

మన బుచ్చయ్యపేట, చోడవరము ప్రాంతములలో గానుగల యొద్ద చెరకుపిప్పి పొగయు, కళ్లములలో నూర్పిడి దుమ్మును ముక్కుపొరను రేపును. చుట్టపొగ, అడ్డపొగయైనను సరే, కీడే చేయును. పైదవడ పండ్లు పుచ్చినను చెక్కిలిగదికి చీము దిగవచ్చును. పనివేళ ముక్కునకు గుడ్డ కట్టుకొనుడు. గాలివాటు చూచి నిలువుడు.

కాచి చల్లార్చిన పావులీటరు నీటిలో, అయోడిను కలుపని ఉప్పు అరచెంచా వేసి ముక్కు కడుగుకొనుట మేలు. నూతినీటిని, కుళాయినీటిని కాచక వాడరాదు. దిబ్బడ విడుచుటకు అంగళ్లలో అమ్ము చుక్కలమందును అయిదు దినములకు మించి వాడినచో దిబ్బడ మరింత పెరుగును. వైద్యుడిచ్చిన ముక్కు స్ప్రేను వారముల తరబడి విడువక వాడినగాని గుణము కానరాదు. మందులకు లొంగనిచో శస్త్రచికిత్స కలదు.

కన్ను వాచినను, చూపు రెండుగా తోచినను, తలనొప్పి, జ్వరము తీవ్రమైనను ఒక్క దినమైన ఆగరాదు. 2021లో కరోనా వెంట వచ్చిన బ్లాక్ ఫంగస్ వ్యాధి పలువురు మధుమేహ రోగులకు ఈ గదులనుండియే కంటికి ప్రాకినది.

కాడియెద్దు మేత మానిన మరునాడే పశువైద్యుని పిలుతుము. ఆ శ్రద్ధలో సగమైన మన శరీరముపై చూపరాదా? విశాఖపట్టణమున ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి కలదు. మూడు నెలలు దాటిన పడిశము గలవారు చెరకునరుకు మొదలు కాకమునుపే వెళ్లి చూపించుకొనుడు.